నెత్తురోడే ముఖం ఎవరి సొత్తు?

2022 డిసెంబరు 30వ తేదీ. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఢిల్లీ–డెహ్రాడూన్ రహదారి మీద, రూర్కీ సమీపంలో, ఒక కారు డివైడరును ఢీకొని పల్టీలు కొట్టింది. అటుగా వస్తున్న హర్యానా ప్రభుత్వ బస్సు డ్రైవరూ, కండక్టరూ బస్సు నిలిపి పరుగెత్తారు. గాయపడిన యువకుణ్ణి కారుకు దూరంగా చేర్చారు; ఒంటికి దుప్పటి కప్పారు; అంబులెన్సుకు ఫోను చేశారు. కారు కాలిపోయింది. డ్రైవరుకు క్రికెట్ మీద ఆసక్తి లేదు. తాను రిషభ్ పంత్‌నని ఆ యువకుడే చెప్పుకోవలసి వచ్చింది.

ఆ పూటే అతని రక్తసిక్తమైన ముఖం దేశమంతటా సెల్‌ఫోనులలో తిరగసాగింది. కొన్ని టెలివిజన్ ఛానళ్ళు ఆ దృశ్యాలను మసక పరచకుండా యథాతథంగా ప్రసారం చేశాయి. పది రోజులు గడిచాక, 2023 జనవరి 9న, కేంద్ర సమాచార ప్రసార శాఖ ఛానళ్ళను మందలిస్తూ ఒక ప్రకటన వెలువరించింది. గాయపడిన క్రికెట్ ఆటగాని దృశ్యాలను అందులో ఉదాహరణగా పేర్కొన్నది. ఇటువంటి దృశ్యాలు సామాజిక మాధ్యమాల నుండి తీసుకొన్నవేననీ, వాటిని సంస్కరించే శ్రమ ఎవరూ తీసుకోలేదనీ ఆక్షేపించింది.

మందలింపు ఛానళ్ళకు అందింది. మరి ఆ దృశ్యాలను మొట్టమొదట తీసిన చేతుల మాట? వాటిని ప్రశ్నించేవారు లేరు. రోడ్డు అందరిదీ, అక్కడ కంటికి కనిపించేది కెమెరాకు కనిపిస్తే తప్పేమిటని అడిగితే చప్పున చెప్పడానికి మన వద్ద సమాధానం లేదు.

పంత్ పేరున్నవాడు కనుక ఆయన పక్షాన మాట్లాడేవారు కొందరైనా ఉన్నారు. 2023లో మన రోడ్ల మీద లక్షా 72 వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు పేరులేని సామాన్యులు. ఇంటికి కబురు చేరడానికి ముందే చిత్రం చేరితే ఆ కుటుంబం పక్షాన మాట్లాడేదెవరు?

పాతదే ఈ జబ్బు

చూడాలనే కోరిక సెల్‌ఫోనుతో పుట్టింది కాదు. ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథంలో లియోంటియస్ అనే ఏథెన్సు వాసి కథ చెబుతాడు. అతడు ఓడరేవు నుండి ఊళ్లోకి వస్తూండగా కోటగోడ వెలుపల, తలారి దగ్గర, శవాలు పడి ఉన్నాయి. చూడాలని ఒక మనసు, ఛీ అని మరొక మనసు. కొంతసేపు ముఖం కప్పుకొని తనతో తానే పెనుగులాడాడు. చివరికి ఓడిపోయి, కళ్ళు విప్పార్చుకొని శవాల వద్దకు పరుగెత్తి, తన కళ్ళనే శపించుకొన్నాడు. ఇరవైనాలుగు శతాబ్దాల నాటి ఆ మనిషికీ నేటి బాటసారికీ తేడా ఒక్కటే: అతడు చూసిన దృశ్యం అతనితోనే పోయింది. సిగ్గుపడడానికి అతనికి వ్యవధి దొరికింది. నేటి బాటసారి సిగ్గుపడేలోగా చిత్రం నాలుగు ఊళ్ళు దాటిపోతుంది.

గుంపు చేరినకొద్దీ చేయూత తగ్గుతుందన్నది మరొక చేదు నిజం. 1968లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు డార్లీ, లటానే ఒక ప్రయోగం ప్రచురించారు. పక్కగదిలో ఎవరో మూర్ఛ వచ్చి విలవిలలాడుతున్నట్టు విద్యార్థులకు మైకులో వినిపించారు. వింటున్నది తానొక్కడినేనని నమ్మినవారిలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోగానే సాయానికి లేచారు. మరి నలుగురు కూడా వింటున్నారని నమ్మినవారిలో లేచినది 31 శాతమే. నలుగురున్న చోట బాధ్యత నాలుగు పాళ్ళుగా చీలిపోతుంది. ఎవరి పాలూ కదలడానికి చాలదు. పైగా నేటి గుంపులో ఫోను పట్టుకొన్నవానికి తాను ఊరకే నిలబడలేదన్న భ్రమ కూడా దొరుకుతున్నది.

2017లో కర్ణాటకలోని కొప్పళలో సైకిలు మీద పోతున్న ఒక యువకుణ్ణి బస్సు ఢీకొన్నది. అతడు నెత్తుటి మడుగులో సాయం కోసం అర్థిస్తూ ఉండగా చుట్టూ మూగినవారు ఫోనులలో చిత్రాలు తీశారు. అతడు మరణించాడు. లోకం ఆ నిర్దయను అసహ్యించుకొన్నది. అసహ్యించుకొన్నది కూడా ఆ చిత్రాలను చూసేనన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టినట్టు లేదు.

సాయానికి జంకడానికి ఒకప్పుడు కారణం ఉన్నది. ముట్టుకొంటే పోలీసు కేసు, సాక్ష్యం, కోర్టు వాయిదాలు. ఆసుపత్రులదీ అదే భయం. స్కూటరు మీద పోతూ గాయపడిన ఒక వ్యక్తిని దగ్గరలోని ఆసుపత్రి చేర్చుకొనక, ఇరవై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి పొమ్మన్నది. దారిలోనే అతని ప్రాణం పోయింది. ఒక పత్రికలో వచ్చిన ఆ వార్తను పట్టుకొని పరమానంద్ కటారా సుప్రీంకోర్టుకెక్కారు. ప్రాణం నిలపడమే వైద్యుని మొదటి విధి అనీ, పోలీసు లాంఛనాలు ఆ తరువాతివేననీ 1989లో తీర్పు వచ్చింది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వేసిన వ్యాజ్యంలో 2016 మార్చి 30న, సాయపడినవారిని వేధించరాదనే మార్గదర్శక సూత్రాలకు సుప్రీంకోర్టు శాసనబలం కల్పించింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షను ఆ రక్షణను స్థిరపరచింది. సాయపడినవారు పేరు చెప్పకుండా వెళ్ళిపోవచ్చును. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ తరువాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. చిత్రం తీసే ఫోనులోనే ఆ మూడంకెలూ ఉన్నాయి.

జర్మనీ ఏమి చేసింది?

ఈ విషయంలో జర్మనీ వెళ్ళినంత దూరం వెళ్ళిన దేశాలు అరుదు. ఇతరుల నిస్సహాయ స్థితిని ప్రదర్శించే చిత్రాన్ని అనుమతి లేకుండా తీసి, వారి అంతరంగిక జీవితానికి భంగం కలిగించడాన్ని 2015లో అక్కడి శిక్షాస్మృతి నేరంగా చేసింది. శిక్ష రెండేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా. 2017లో క్షతగాత్రులకు సాయపడేవారిని అడ్డగించడం కూడా నేరమైనది. అయినా ఒక లోటు మిగిలిపోయింది. నిస్సహాయుడు బ్రతికి ఉన్నంతసేపే రక్షణ. ప్రాణం పోయిన మరుక్షణం అతని ముఖం ఎవరిదీ కాకుండా పోయేది. మృతులను అతి జుగుప్సాకరంగా చూపే చిత్రాలనూ నేరాల జాబితాలో చేర్చి, 2021 జనవరి 1 నుండి ఆ లోటును పూడ్చారు. వర్తమాన సంఘటనల వార్తా సేకరణ వంటి ధర్మబద్ధమైన ప్రయోజనాలకు మాత్రం మినహాయింపు ఉంచారు.

2019 మే నెలలో న్యూరెంబర్గ్ సమీపాన రహదారి మీద ఒక లారీ డ్రైవరు ప్రమాదంలో మరణించాడు. దాటిపోతూ ఫోనులో చిత్రాలు తీస్తున్న వాహన చోదకులను ఒక పోలీసు అధికారి పట్టి ఆపాడు. జరిమానా 128 యూరోల 50 సెంట్లు. అంతటితో ఊరుకోలేదు. అంత చూడాలని ఉంటే దిగి రమ్మన్నాడు. మృతుణ్ణి దగ్గరగా చూపిస్తానన్నాడు. వాళ్ళు తల దించుకొన్నారు. ఆ అధికారిని ప్రపంచం మెచ్చుకొన్నది. ఒక వార్తాసంస్థ కెమెరా అక్కడ ఉండబట్టే ఈ ముచ్చట మనదాకా వచ్చిందన్నది వేరే మాట!

అమెరికా దారి వేరు. 2020 జనవరిలో హెలికాప్టరు కూలి బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్‌తో సహా తొమ్మండుగురు మరణించారు. ఆ చిత్రాలను పంచుకొన్నది బాటసారులు కాదు, కాపలాకు వచ్చిన అధికారులే. వారిలో ఒకడు మద్యశాలలో వాటిని చూపించాడు. సహాయక సిబ్బంది ఇటువంటి చిత్రాలు తీయడాన్ని కాలిఫోర్నియా అదే ఏడు నేరంగా చేసింది. 2022లో జ్యూరీ రెండు కుటుంబాలకు 3 కోట్ల 10 లక్షల డాలర్లు పరిహారంగా నిర్ణయించింది. సామాన్య పౌరుని జోలికి మాత్రం ఆ చట్టం పోలేదు.

మన చట్టాలు ఎక్కడున్నాయి? సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షను మర్మావయవాల చిత్రాలకు వర్తిస్తుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షను స్త్రీల ఏకాంతాన్ని కాపాడుతుంది. 72వ సెక్షను అత్యాచార బాధితుల పేరు బయటపడకుండా చూస్తుంది. రోడ్డు మీద నెత్తురోడుతున్న ముఖం ఈ మూడింటి నీడలోకీ రాదు. ఏకాంతం ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో ప్రకటించింది గాని, తోటి బాటసారి ఫోను ముందు ఆ హక్కును నిలబెట్టే శాసనం రాలేదు.

నిషేధిస్తే పోయేదేమిటి?

అలాగని కెమెరాను మొత్తంగా నోరు మూయించడం ఎంత ప్రమాదమో చెప్పడానికీ ఉదాహరణలున్నాయి. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు మోపి ప్రాణం తీస్తూండగా, దారిన పోతున్న పదిహేడేళ్ళ బాలిక డార్నెల్లా ఫ్రేజియర్ ఫోను ఎత్తిపట్టింది. అది లేకుంటే పోలీసుల మాటే చరిత్రగా నిలిచేది. 2021లో పులిట్జర్ సంఘం ఆమెను ప్రత్యేకంగా గౌరవించింది. 1984లో భోపాల్‌లో మట్టిలో పూడ్చిపెడుతున్న పసిబిడ్డ ముఖాన్ని రఘురాయ్, పాబ్లో బార్తొలోమ్యూ చిత్రించారు. ఆ బిడ్డ ఎవరన్నది నేటికీ తెలియలేదు. అనుమతి అడగడానికి ఎవరూ లేరు. ఆ ముఖాన్ని కప్పివేసి ఉంటే విషవాయువు చేసిన పని ఈ లోకానికి ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

ఢీకొట్టి పారిపోయే వాహనం నంబరుకు తోవన పోయేవాని ఫోనే ఆధారం. గుర్తు తెలియని వాహనం వల్ల మరణిస్తే ప్రభుత్వ పథకం కింద వారసులకు దక్కేది 2 లక్షల రూపాయలు. వాహనం దొరికితే ఆ కుటుంబం తగిన నష్టపరిహారం కోరవచ్చును. ఆ ఒక్క ఛాయాచిత్రం విలువ అంతటిది.

కనుక కెమెరాను తప్పుపట్టడం కంటే అది ఎటు తిరిగిందో చూడడం మేలు. నంబరు పలక, టైర్ల జాడ, విరిగిన గట్టు, ఆలస్యంగా వచ్చిన అంబులెన్సు: వీటిని చిత్రించి పోలీసులకో న్యాయస్థానానికో అందించినవాడు సాక్షి. క్షతగాత్రుని ముఖాన్ని చిత్రించి పరిచయస్థులందరికీ పంచినవాణ్ణి సాక్షి అనడం కష్టం. శిక్ష తీసినందుకు కాక పంచినందుకు పడితే ఫ్రేజియర్ వంటివారికి సగం రక్షణే దొరుకుతుంది, ఎందుకంటే ఆమె కూడా పంచింది. ప్రజాప్రయోజనానికి జర్మనీలో ఉన్నటువంటి మినహాయింపు ఇక్కడ తప్పనిసరి. ఆ ప్రయోజనం ఉన్నదో లేదో తేల్చవలసింది న్యాయస్థానమే గాని, ఘటనాస్థలంలో ఫోను లాక్కొనే పోలీసు కాకూడదు. లాఠీ దెబ్బను చిత్రించిన ఫోనును కూడా అదే చట్టం పేరిట లాక్కోవచ్చును గదా!

బెర్లిన్‌లో ఒక సహాయక సంస్థ శిక్షల జోలికి పోకుండా మరొక ఉపాయం పన్నింది. ప్రయోగాత్మకంగా కొన్ని అంబులెన్సుల మీద నలుపు తెలుపు గళ్ళ సంకేతాన్ని, అంగళ్ళలో డబ్బు చెల్లించడానికి మనం ఫోనుతో చదివే క్యూఆర్ కోడ్ వంటిదాన్ని, చిత్రింపజేసింది. ప్రమాదస్థలాన్ని చిత్రించడానికి ఎవరైనా ఫోను అటు తిప్పగానే అది దానంతటదే ఆ సంకేతాన్ని చదివి, ఒక హెచ్చరికను తెర మీదికి తెస్తుంది. గుడ్లప్పగించి చూడడం ప్రాణాలు తీస్తుందని ఆ హెచ్చరిక సారాంశం.