నేటి విద్యార్థులు – స్వేచ్ఛావిద్యావనరులు



మీ పిల్లలు పట్టము పుచ్చుకొని హైదరాబాదు చేరి, అశోక్‌నగరున ఒక గదిలో ముగ్గురు నలుగురు కూడి చదువుకొనుచుందురు. మీరు నెలనెల పంపు పైకము అద్దెకు, భోజనమునకు, శిక్షణసంస్థల రుసుమునకు, పుస్తకములకు వ్యయమగుచున్నది. ఇందు చదువుసామగ్రిలో పెద్దభాగము ఇప్పుడు వెలలేకయే లభించుచున్నది. అట్లయిన నగరవాసమెందుకని మీరడుగవచ్చును.

2001లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయము తన పాఠములను లోకమునకెల్ల ఉచితముగా నొసగుదునని ప్రకటించెను. మరుసటియేట యునెస్కో సభలో ఇట్టివానికి స్వేచ్ఛావిద్యావనరులను పేరు కలిగెను. మనదేశమున 2003లో ఐ.ఐ.టి.లును బెంగుళూరు విజ్ఞానసంస్థయు ఎన్‌.పి.టి.ఇ.ఎల్‌. పాఠముల నారంభించినవి, 2017లో కేంద్రప్రభుత్వము 'స్వయం' నెలకొల్పెను. పాఠమునకు వెలలేదు, పరీక్షకు మాత్రము రుసుము కలదు.

ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. విత్తనముల నెఱిగిన మీకు ఈ భేదము సుబోధము. ఒక విత్తనము ఊరక దొరకినను, పండిన గింజను మరల చల్లరాదను కట్టడి యుండవచ్చును. మఱియొకదానిని దాచవచ్చును, చల్లవచ్చును, పొరుగువాని కీయవచ్చును. ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. పాఠ్యపుస్తకములను ఎవరైనను అంతర్జాలమునుండి దించుకొని చదువవచ్చును, అచ్చువేసి అమ్మరాదు. మసాచుసెట్సు పాఠములనో, మూలము పేరు చెప్పి, తెనిగించి పంచవచ్చును. అమ్మరాదు, మార్చినదానిని అదే షరతున ఇతరులకు విడువవలెను. తెలుగు వికీపీడియా అమ్మకమునకును సమ్మతించును. ఇక అశోక్‌నగరు జిరాక్సు దుకాణములలో దొరకు శిక్షణసంస్థల నోట్సు ఈ తెగలో దేనికిని చెందదు. అది చౌక, అంతియే.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమును చూచిన ఈ చదువుతీరు బోధపడును. అచట కుర్చీకై పోటీ. చాలమంది చదువునవి బీరువాలలోని గ్రంథములు కావు. తాము తెచ్చుకొన్నవి, చేతిఫోనులోనివి. ఉపన్యాసమును పది నిమిషములు విని, ఆపి, తెలుగున వ్రాసికొని, తెలియనిచోట వెనుకకు త్రిప్పి మరల విందురు. తరగతిలో గురువుచేత ఇన్నిమార్లు చెప్పించుకొను ధైర్యము ఏ శిష్యునకుండును? కాని ఫోనులోని గురువు ప్రశ్నకు బదులు చెప్పడు. ఆ కొఱత సాయంకాలము టీకొట్టువద్ద తీరును: ఒకడు ఇంగ్లీషు పాఠమును తెలుగున చెప్పును, ఇంకొకడు తప్పుపట్టును. నారాయణగూడ వసతిగృహములలోని బాలికలు ఈ పని గదిలోనే కానిత్తురు.

భాషయే పెద్ద చిక్కు. ఎన్‌.పి.టి.ఇ.ఎల్‌. పాఠములు కొన్ని తెలుగునకు వచ్చినవి గాని, ఎక్కువభాగము ఇంగ్లీషుననే యున్నవి. 1906లో ఈ నగరముననే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రభృతులు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను తెనుగున వెలువరించిరి. నేడు ఆ పనికి అనుమతి ముందే వ్రాసియున్నది. టీకొట్టువద్ద నోట చెప్పిన తెలుగు కాగితమున కెక్కినచో, తరువాతి యేటి పిల్లలకు సాయపడును.

కావున పాఠము ఉచితమని విని, పిల్లవానిని గది విడిచి రమ్మనకుడు. పాఠము ఇంటికి వచ్చినది గాని, చిక్కడపల్లి కుర్చీయు, ప్రక్కవాని ప్రశ్నయు రాలేదు. మీ యూరి గ్రంథాలయమున అంతర్జాలము, విద్యుద్దీపము, పది కుర్చీలు ఏర్పడి, రాత్రి తొమ్మిదివఱకు తలుపు తెఱచియుండెనేని, అప్పుడు ఆ మాట యడుగవచ్చును.