చెఱకుతోటలును ఒక దీవి కప్పయును

చెఱకునకు వేరుపురుగు పట్టినచో కలుగు నష్టమెట్టిదో మన సంఘసభ్యులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పశ్చిమ ఇండియా దీవులలోని ప్యూర్టోరికోయందు ఈ పురుగును రూపుమాపుటకై 1920 ప్రాంతమున పరదేశపు పెద్దకప్పను తెప్పించి చెఱకుతోటలలో విడిచిరి. పురుగు తగ్గినదను వార్త చెఱకు పండించు దేశములకెల్ల ప్రాకెను. దానిని విని 1935లో ఆస్ట్రేలియావారు హవాయి దీవులనుండి ఆ జాతి కప్పనే తెచ్చుకొనిరి. అచ్చట పురుగు తగ్గలేదు సరికదా, కప్పయే పీడయై నేటికిని క్రొత్త తావుల నాక్రమించుచున్నది.

ప్యూర్టోరికోలోనే పుట్టిపెరిగిన గోండ్రుకప్ప యొకటి కలదు. దానిని మాత్రము చాలకాల మెవరును తలపలేదు. పెరటిచెట్టు మందునకు పనికిరాదు గదా! మేమీ నెల వ్రాయదలచినది దానిని గూర్చియే. కన్నులపై ఎత్తైన గట్లును, పైకి వంగిన ముట్టెయును దీని గుర్తులు. సంవత్సరములో నెక్కువకాలము సున్నపురాతి బీటలలో దాగియుండును. పెద్దవాన కురిసినపుడు బయలువెడలి, పల్లపు గుంటలలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. తోకకప్పలు సుమారు మూడు వారములలో కాళ్లు వచ్చి గట్టెక్కును. ఈలోగా గుంట యెండినచో ఆ సంతానమంతయు పోయినట్లే.

ఇట్టి గుంటలను జనులు పనికిమాలినవిగా నెంచి కొన్నిటిని పూడ్చిరి, కొన్నిటికి కాలువ తీసి నీరు వెడలించిరి. మన గ్రామములలోను వానగుంట యనగా పూడ్చవలసిన చోటని తలంచువారు లేకపోలేదు. మిగిలిన గుంటలకు పరదేశపు కప్ప పోటీకి వచ్చెను. 1931 తరువాత 35 ఏండ్లు ఈ కప్ప కానరాకుండుటచే నశించినదనియే తలంచిరి. 1966లో దీవి యుత్తరభాగమున మరల కనబడెను. 1984లో దక్షిణతీరమున గ్వానికా అడవిచెంత పెద్ద సమూహమే దొరకెను. అవి గ్రుడ్లుపెట్టు గుంట యేదనుకొన్నారు? సముద్రతీరమునకు వచ్చు షికారుజనులు మోటారుబండ్లు నిలుపుకొను పల్లపునేల! పొరుగుననున్న వర్జిన్ గోర్డా దీవిలోను ఒకప్పుడీ కప్ప యుండెడిది. అచ్చట ఇప్పుడు లేదు.

1987లో అమెరికా ప్రభుత్వమువారు దీనికి చట్టరక్షణ కల్పించిరి. 1992 మొదలు జంతుప్రదర్శనశాలలలో గ్రుడ్లు పెట్టించి, తోకకప్పలను విమానములపై దీవికి పంపి గుంటలలో విడుచుచున్నారు. ఇందులకై క్రొత్త గుంటలను గూడ త్రవ్వించిరి. వానిలో కొన్ని ప్రజల స్వంతభూములలోనివి.  వాన వెలసిన పిదప మూడు వారములు నీరు నిలువవలెను.