పంపకం కుదిరితేనే పొత్తు నిలిచేది

గుజరాత్‌లోని సూరత్ జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం ‘సుముల్’ 1951లో ఏర్పాటైంది. గ్రామ సంఘాలు పాలు సేకరిస్తాయి; శుద్ధి, విక్రయం సుముల్ బాధ్యత. ఇటువంటి పొత్తులో ఉమ్మడి లాభాన్ని ఎలా పంచితే ఏ సభ్యుడూ విడిపోడు? సహకార క్రీడా సిద్ధాంతం పరిశీలించే ప్రశ్న ఇదే.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. మూడు గ్రామాలు ఒకే వాహనంలో పాలు పంపితే రోజుకు 90 రూపాయలు ఆదా అవుతాయి. ఏ రెండు కలిసినా 60 రూపాయలు. విడిగా పంపితే ఆదా శూన్యం. ఒక గ్రామానికి 40, మిగిలిన రెండింటికి 25 చొప్పున ఇస్తే, ఆ రెండూ వేరుపడి 60 పొందగలవు. కనుక తలా 30 ఇవ్వడమొక్కటే స్థిరమైన పంపకం. ఏ వర్గానికీ విడిపోతే మేలు కలగని ఇటువంటి పంపకాల సముదాయాన్ని ‘కోర్’ అంటారు.

అదే రెండు గ్రామాల ఆదా 70 అయితే, ప్రతి జంటనూ తృప్తిపరచడానికి మొత్తం 105 కావాలి. ఉన్నది 90 మాత్రమే. కోర్ శూన్యమవుతుంది, ఎలా పంచినా ఏదో ఒక జంటకు విడిపోవడమే లాభం.

1953లో లాయిడ్ షాప్లీ మరో మార్గం సూచించారు. సభ్యులు చేరగల అన్ని వరుసలనూ లెక్కించి, ఒక్కొక్కరి చేరికతో పెరిగే లాభపు సగటును వారి వాటాగా నిర్ణయించారు. 2012లో ఆయన ఆల్విన్ రోత్‌తో కలిసి ఆర్థికశాస్త్ర నోబెల్ పురస్కారం అందుకున్నారు. ఈ వాటా న్యాయసమ్మతమే అయినా, అన్నివేళలా స్థిరం కాదు. పై ఉదాహరణలో ఉమ్మడి ఆదా 105కు పెరిగితేనే మూడు గ్రామాల పొత్తు నిలుస్తుంది.