ఆకు కొసతో పాకే అగ్నిశిఖ

ఇలా రండర్రా, అరుగు మీద సర్దుకు కూర్చోండి. పెరట్లో బీరపాదు చూశారుగా? పందిరి పట్టుకోడానికి దానికి విడిగా నులితీగలుంటాయి. అడవినాభి తీగకి అంత వైభోగం లేదు. ఆకు కొసనే సన్నగా సాగదీసి పక్కనున్న కంపకి ఓ మెలిక వేస్తుంది. ఆకూ అదే, చెయ్యీ అదే! మీ నాయనమ్మ కొంగులాగన్నమాట. చెయ్యి తుడుచుకోడానికీ అదే, చిల్లర ముడేసుకోడానికీ అదే, వేడిగిన్నె దించడానికీ అదే.

వేసవిలో దాని జాడే ఉండదు, దుంప మట్టిలో నిద్రపోతుంది. వానలు పడ్డాకే మొలక లేచేది. చిన్నప్పుడు మేకల వెంట కొండవార తిరుగుతూ, తుప్పకి నిప్పంటుకుందని కేకేశాను. వెనకాలున్న తాత పగలబడి నవ్వి, "అగ్నిశిఖరా అబ్బాయ్, పువ్వు!" అన్నాడు. అడవినాభికే అదో పేరు.

నిప్పులాగే ఉంటుంది మరి. మొగ్గ తల వేలాడేసుకుంటుంది. విచ్చుకోగానే ముడతల అంచుల రేకులు ఆరూ వెనక్కి విరుచుకుంటాయి, గాలికి తిరగబడ్డ గొడుగులా. మొదట పసుపు ఎక్కువ, కొసన ఎరుపు. రోజులు గడిచేకొద్దీ అంతా ఎరుపెక్కుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టు. ఇక్కడ సున్నం ఏమీ లేదనుకోండి! కింద ఆరు కేసరాలు చుట్టూ చాచుకుని ఉంటాయి. కీలం మాత్రం మొదట్లోనే మోచెయ్యిలా పక్కకి వంగుతుంది, తేనెకొచ్చే సీతాకోకచిలుక రెక్కకి తగిలేటట్టు.

దీని దుంప నాగలిలా వంకరగా ఉంటుంది. అందుకే సంస్కృతంలో లాంగలి అన్నారు. కందగడ్డో ఏదోననుకుని నోట్లో పెట్టుకునేరు, ప్రాణం పోతుంది! అయినా తమిళనాడు దీన్నే రాష్ట్రపుష్పం చేసుకుంది, జింబాబ్వేకి జాతీయపుష్పం. అందులోని విషం పేరు కోల్చిసిన్. వైద్యులు దాన్నే రవ్వంత మోతాదులో గౌట్ అనే కీళ్లనొప్పికి ఇస్తారు.

మొన్న గింజలు దూరంగా ఊసే పందెం వేసుకుందామంటే, పుచ్చకాయలో గింజే లేదని అలిగారు కదూ? దాని వెనకా ఈ కోల్చిసినే. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల్ని చెరోవైపు లాగడానికి సన్నటి దారాలు పుడతాయి. కోల్చిసిన్ ఆ దారాల్ని కట్టనివ్వదు. పంపకం ఆగిపోయి రెండు వాటాలూ ఒకే ఇంట్లో ఉండిపోతాయి. అలా పుచ్చమొక్కలో రెండు సెట్లు నాలుగవుతాయి. దాన్ని మామూలు మొక్కతో కలిపితే పిల్లమొక్కకి మూడు సెట్లు. మరి గింజ కట్టాలంటే వాటిని సరిసమానంగా పంచాలి. మూడు అరిసెలు తుంచకుండా ఇద్దరికి ఎలా పంచుతార్రా? అక్కడే చిక్కుపడుతుంది, గింజ కట్టదు.

ఏరా చిన్నోడా, నువ్వెందుకు అరిసెల డబ్బా వైపు చూస్తున్నావ్?