డీజిలు జీపు కరెంటు జీపు కావాలంటే...

అరకులోయ : మన్యంలో బస్సు ఆగిన చోట జీపు మొదలవుతుంది. సంతకు పసుపు, మిరియాలు, రాజ్మా మోసుకురావాలన్నా, పెళ్లివారిని దింపాలన్నా, అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా చాలా గూడేలకు జీపే దిక్కు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన ఈ బండిని మన దేశంలో మహీంద్రా సంస్థ 1947 నుంచి బిగించి అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన డీజిలు జీపులు, కమాండర్లు ఇప్పటికీ అల్లూరి సీతారామరాజు జిల్లా ఘాట్ రోడ్లపై కనిపిస్తూనే వున్నాయి.

కాగా వాటి యజమానులకు రోజులు అంత అనుకూలంగా లేవు. పాత ఇంజనుకు ఏటా ఏదో ఒక రిప్పేరు తప్పదు. సొంత వాడకంలో వున్న కారు, జీపులకు పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషను పొడిగించేందుకు 600 రూపాయలుగా వున్న రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేశారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. ఈ పరిస్థితుల్లో ‘ఇంజను దించేసి కరెంటు మోటారు పెట్టేస్తే పోలా!’ అన్న ఆలోచన చాలామందికి కలుగుతోంది. ఆలోచన మంచిదే. అయితే ఎంత దూరం తిరిగే జీపుకు ఇది గిట్టుబాటు అవుతుంది, చట్టం ఏమంటుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిశాకే పానా పట్టుకోవడం మేలు.

పని జరిగే తీరు

జీపులో ఇంజను, రేడియేటరు, సైలెన్సరు, డీజిలు ట్యాంకు తీసివేస్తే దాదాపు రెండు వందల కిలోల బరువు దిగుతుంది. గేర్ బాక్సు, దాని వెనుక ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, యాక్సిళ్లు వున్నచోటనే వుంటాయి. ఇంజను స్థానంలో మోటారు కూర్చుంటుంది. మోటారుకూ గేర్ బాక్సుకూ నడుమ ఒక లోహపు పలక, ఇరుసులను కలిపే కప్లింగు కావాలి. ఇవి లేత్ షాపులో తయారయ్యేవే. కాని రెండు ఇరుసుల నడిమధ్య గీత వెంట్రుకవాసి తప్పినా బేరింగులు త్వరలోనే అరిగిపోతాయి. కనుక అనుభవమున్న పనివాడు చేయవలసిన పని ఇది.

మోటారుకు కరెంటును కొలిచి అందించే పెట్టెను కంట్రోలరు అంటారు. యాక్సిలరేటరు తొక్కితే ఆ సంకేతం దీనికే చేరుతుంది. లైట్లు, హారను, వైపర్లకు కావలసిన 12 వోల్టులను పెద్ద బ్యాటరీ నుంచి దించి ఇచ్చే పరికరం మరొకటి. కొన్ని జీపుల్లో బ్రేకు తేలికగా పడేందుకు వాక్యూమ్ పంపు ఇంజనుతో పాటే తిరుగుతుంది. ఇంజను దిగితే ఆ సాయమూ పోతుంది. కాబట్టి కరెంటుతో నడిచే పంపు విడిగా బిగించాలి. దీనిని మరచిన జీపు ఘాట్ రోడ్డు ఎక్కరాదు.

కొండదారికి ఈ మోటారు బాగా నప్పుతుంది. డీజిలు ఇంజను కొంత వేగం అందుకున్నాక గాని పూర్తి లాగుడు చూపదు. మోటారు నిలిచినచోటనే పూర్తి బలం చూపుతుంది. బురదలో దిగబడిన చక్రాన్ని అంగుళం అంగుళంగా కదిలించవచ్చు. ఎత్తులో ఆపి మళ్లీ కదిలించేటప్పుడు ఆగిపోతుందన్న బెంగ లేదు.

ఇరవై యూనిట్లతో ఎంత దూరం?

అసలు చిక్కంతా బ్యాటరీతోనే. ఇటువంటి పనులకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం సెల్సు ఎక్కువగా వాడుతున్నారు. ఒక్కొక్కటి 3.2 వోల్టులు. 200 ఆంపియర్ అవర్ల సెల్సు 32 వరుసగా కలిపితే సుమారు 102 వోల్టులు, 20 యూనిట్ల కరెంటు నిలువ వుంటుంది. పెట్టెతో కలిపి బరువు సుమారు 180 కిలోలు. అంటే దింపిన బరువు ఇంచుమించు మళ్లీ ఎక్కినట్టే.

లీటరు డీజిలులో దాదాపు పది యూనిట్ల శక్తి వుంటుంది. ఆ లెక్కన ఇంత పెద్ద బ్యాటరీ రెండు లీటర్ల డీజిలుకే సమానం! అయినా జీపు ఇరవై కిలోమీటర్ల దగ్గరే ఆగిపోదు. పాత ఇంజను డీజిలు శక్తిలో పావు వంతు మాత్రమే చక్రానికి ఇచ్చి తక్కినది వేడిగా, పొగగా పోగొడుతుంది. మోటారు నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా పనిగా మారుస్తుంది. డబ్బాలాంటి ఆకారంలో వున్న జీపు మితమైన వేగంతో యూనిట్‌కు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తుంది. బ్యాటరీని అడుగంటా వాడకుండా 18 యూనిట్లతో సరిపెట్టుకుంటే 70 నుంచి 90 కిలోమీటర్లు వస్తుంది.

విశాఖపట్నం నుంచి అరకులోయ సుమారు 115 కిలోమీటర్లు. దూరానికే 23 నుంచి 29 యూనిట్లు కావాలి. పైగా అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున వుంది. మనుషులతో కలిపి రెండు టన్నులున్న జీపును అంత ఎత్తుకు చేర్చడానికే మరో అయిదు యూనిట్లు. కనుక పైన చెప్పిన బ్యాటరీతో విశాఖలో బయలుదేరిన జీపు ఏకబిగిన అరకు చేరలేదు. శృంగవరపుకోటలో ఆగి కొన్ని గంటలు ఛార్జి చేసుకోక తప్పదు. అదే అరకు నుంచి పదీ పదిహేను కిలోమీటర్లలోని గూడేలకు రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే జీపుకైతే ఆ బ్యాటరీ నిక్షేపంగా సరిపోతుంది.

ఖర్చు ఎప్పటికి తిరిగొస్తుంది?

మోటారు, కంట్రోలరు, బ్యాటరీ, ఛార్జరు, కూలి అన్నీ కలిపి అయిదు లక్షల రూపాయలు అవుతుందనుకుందాం. ఇందులో పెద్ద వాటా బ్యాటరీదే. డీజిలు లీటరు వంద రూపాయలు, కరెంటు యూనిట్ ఎనిమిది రూపాయలు అని లెక్కకు తీసుకుందాం. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చే జీపుకు కిలోమీటరుకు పది రూపాయలు ఖర్చు. కరెంటు జీపుకు ఛార్జింగులో పోయే నష్టం కలుపుకున్నా రెండున్నర రూపాయలు దాటదు. మిగులు ఏడున్నర రూపాయలు.

ఈ మిగులుతో అయిదు లక్షలు రాబట్టుకోవాలంటే 66 వేల కిలోమీటర్లకు పైగా తిరగాలి. ఏడాదికి 300 రోజులు, రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే జీపుకు ఏడేళ్లు దాటుతుంది. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగేదానికి నాలుగేళ్ల లోపే తీరుతుంది. ఇక రోజుకు 150 కిలోమీటర్లు తిరిగే టూరిస్టు జీపుకు మరీ త్వరగా తీరాలి కదా అనిపిస్తుంది. కాని ఆ దూరానికి ఈ బ్యాటరీ చాలదు. పెద్ద బ్యాటరీ పెడితే ఖర్చు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. తక్కువ తిరిగితే డబ్బు రాదు, ఎక్కువ తిరిగితే బ్యాటరీ రాదు. ఒకే దారిలో యాభై అరవై కిలోమీటర్లు తిరిగి రాత్రికి ఇల్లు చేరే జీపుకే ఈ మార్పిడి గిట్టుబాటు.

రాత్రి ఛార్జింగుకు ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు. మూడు కిలోవాట్ల ఛార్జరుతో ఆరేడు గంటల్లో నిండుతుంది. అయితే అన్ని గంటలు అంత కరెంటు లాగుతుంది కనుక మీటరు నుంచి విడిగా లావు వైరు, సరైన ఎర్తింగు వుండాలి. ఫ్యాను, టీవీలతో కలిసి వున్న పాత వైరుకు తగిలిస్తే వైరు కాలిపోతుంది.

ఘాట్ రోడ్డు జాగ్రత్తలు

దిగుడులో మోటారే డైనమోగా మారి జీపును నిదానింపజేస్తూ కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. కాని బ్యాటరీ నిండుగా వుంటే ఆ కరెంటుకు చోటు వుండదు, మోటారు పట్టు దొరకదు. అరకులో రాత్రంతా నిండా ఛార్జి చేసి ఉదయమే ఘాట్ దిగే డ్రైవరుకు ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. డీజిలు జీపులో లో గేరు వేస్తే ఇంజనే పట్టి వుంచేది. ఇక్కడ ఆ భారమంతా పాత డ్రమ్ము బ్రేకులపై పడుతుంది. కొండ మీద ఛార్జి చేసేటప్పుడు నూటికి ఎనభై అయిదు దగ్గర ఆపడం క్షేమం.

చలి సంగతి కూడా వుంది. లిథియం సెల్సును సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జి చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతాయి. లంబసింగి ప్రాంతంలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి సున్నాకు చేరువగా వస్తుంది. జీపును ఆరుబయట కాక కప్పు కింద వుంచి, ఇల్లు చేరగానే బ్యాటరీ వెచ్చగా వుండగా ఛార్జి పెట్టడం మంచిది. గెడ్డలు దాటే జీపుకు మోటారు, బ్యాటరీ పెట్టెలు నీరు చొరని రకానివి కావాలి. మీటరు లోతు నీటిలో అరగంట వుంచి పరీక్షించిన పెట్టెలకు ‘ఐ.పి. 67’ అన్న గుర్తు వుంటుంది.

అన్నిటికంటే పెద్ద అపాయం వంద వోల్టుల డి.సి. కరెంటు. ఇంటి కరెంటులా అది సెకనుకు వందసార్లు సున్నాకు రాదు. అందుచేత తీగ వూడినచోట లేచిన నిప్పురవ్వ ఆరకుండా మండుతూనే వుంటుంది. చేతికి వుంగరం, గడియారం లేకుండా, రబ్బరు తొడుగులతో, పక్కన మరో మనిషి వుండగానే పనిచేయాలి. ప్రతి సెల్లు వోల్టేజీని కనిపెట్టి అవసరమైతే కరెంటు ఆపే రక్షణ పరికరం, ఫ్యూజు, డ్రైవరు చేతికందే చోట అత్యవసర స్విచ్చి తప్పనిసరి. చవకగా వస్తున్నాయని పాత ఆటోల బ్యాటరీలు విప్పి ఏరిన సెల్సు వాడితే, కూడబెట్టిన సొమ్ముతో పాటు ఇల్లు కూడా అగ్నికి ఆహుతయ్యే ప్రమాదం వుంది.

కాగితాలు మారకపోతే?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. డీజిలును విద్యుత్తుగా మార్చుకునేందుకు 2016లో కేంద్రం నిబంధనలు చేసింది. వాటి ప్రకారం పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్టునే, దాన్ని బిగించే అధికారం వున్నవారి చేత వేయించాలి. ఆమోదం కూడా అన్ని బండ్లకూ కలిపి ఇచ్చేది కాదు. ఏ మోడలుకు పరీక్ష జరిగిందో దానికే చెల్లుతుంది. 1990 జనవరి 1కి ముందు తయారైన బండ్లకు ఈ సౌకర్యం లేదు. బిగింపు పూర్తయ్యాక రవాణా శాఖ కార్యాలయంలో తనిఖీ చేయించి పత్రంలో ఇంధనం మార్పించుకోవాలి. అప్పుడు ఆకుపచ్చ నంబరు పలక వస్తుంది. సొంత బండికి తెల్ల అక్షరాలు, బాడుగ బండికి పసుపు అక్షరాలు.

అంటే ఇంటి పెరట్లో సొంతంగా కూర్చిన జీపు ఎంత చక్కగా నడిచినా సొంత కాఫీ తోటలో తిరగవలసిందే. రోడ్డెక్కితే చట్టరీత్యా నేరం. అంతకుమించిన ముప్పు బీమాది. పత్రంలో డీజిలు అని, బండిలో బ్యాటరీ వుంటే, లోయలో పడిన రోజున బీమా సంస్థ మొండిచేయి చూపవచ్చు. పదిమంది ప్రయాణికులను ఎక్కించుకునే డ్రైవరు ఆ భారాన్ని జీవితమంతా మోయవలసి వస్తుంది.

ఇంజను దించేందుకు ఒక పూట చాలు. దానికి ముందు జీపు యజమాని తెలుసుకోవలసినవి మూడు. జీపు ఏ సంవత్సరంలో తయారైందో పత్రంలో చూసుకోవాలి. ఆ మోడలుకు ఆమోదించిన కిట్టు వుందో లేదో రవాణా కార్యాలయంలో అడగాలి. నెల రోజుల పాటు రోజూ తిరిగిన కిలోమీటర్లు రాసి పెట్టుకోవాలి. మూడింటికీ సరైన జవాబు దొరికిన జీపు మన్యం దారుల్లో పొగా మోతా లేకుండా మరికొన్నేళ్లు బతుకుతుంది. దొరకనిదానికి మంచి మెకానిక్కు, వేళకు ఆయిలు మార్పించడమే ప్రస్తుతానికి సరైన వైద్యం.