భౌతికశాస్త్రము – మన బాలికల తొవ్వ

ఇటీవల ఒక మంగళవారమునాడు మేము కొండగట్టునకు పోయియుంటిమి. ఆంజనేయస్వామి దర్శనము చేసికొని దిగివచ్చుచు ఒక చెట్టునీడను నిలిచియుండగా, అచ్చట విశ్రమించియున్న ఒక కుటుంబముతో మాట కలిసెను. తండ్రి గల్ఫు దేశమున కొన్నియేండ్లు కూలిచేసి తిరిగివచ్చినవాడు. తల్లి ఇంటియొద్ద బీడీలు చుట్టును. కూతురు ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరము చదువుచున్నది. మేము పత్రికవారమని తెలియగానే ఆ తండ్రి యిట్లడిగెను: “సారూ, మా బిడ్డ ఫిజిక్సే చదువుతనంటది. గది చదివితె రేపటికి ఏమొస్తది?” ఆ బాలిక మారుపలుకక నేలచూపు చూచుచుండెను. తల్లి మాత్రము మెల్లగా ననెను: “పిల్ల మంచిగ చదువుతది సారూ. గని తొవ్వ జెప్పెటోళ్లు లేరు.”

ఆనాడు మేము చెప్పిన నాలుగు మాటలు మాకే తృప్తి కలిగింపలేదు. ఆ తల్లి యనిన మాట మమ్ము వెంబడించి వచ్చినది. ఆమె తన బిడ్డ శక్తిని శంకించలేదు. తొవ్వ కనబడకుండుటకు వగచినది. దేశమందలి పెద్దలు సభలలో చర్చించు సమస్య యంతయు ఆమె రెండు మాటలలో ఇమిడియున్నది. కావున ఆ కుటుంబమునకు మేము బాకీపడిన సమాధానమును నేడు ఈ పుటలోనే చెల్లింప నుద్యమించుచున్నాము.

కంటికి కనబడు దారినే జనులు నడతురు. ఇందుకు కొండగట్టే నిదర్శనము. 2007లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు ఈ కొండ చెంతనున్న నాచుపల్లెలో ఇంజనీరింగు కళాశాలను స్థాపించిరి. నేడు ఈ ప్రాంతమున ఏ రైతునడిగినను, ఏ బీడీ కార్మికురాలినడిగినను, ఆడపిల్ల ఇంజనీరు కాగలదని సందేహింపక చెప్పుదురు. కళాశాల భవనమే వారికి ప్రమాణము. భౌతికశాస్త్ర పరిశోధనమునకు అట్టి భవనము వారి కనుచూపుమేరలో లేదు. లేనిదానిని నమ్మి బిడ్డను పంపుమనిన ఎవరు పంపుదురు?

బాలికలకు విజ్ఞానశాస్త్రములయం దభిరుచి లేదను మాట వట్టిది. 2021-22 సంవత్సరపు అఖిలభారత ఉన్నతవిద్యా సర్వే ననుసరించి విజ్ఞానశాస్త్ర శాఖలలో చదువుచున్న 57.2 లక్షల మందిలో స్త్రీలు 29.8 లక్షలు, పురుషులు 27.4 లక్షలు. తరగతిగదిలో మన ఆడపిల్లలదే పైచేయి. అయినను 2018 నాటికి మన దేశపు పరిశోధకులలో స్త్రీలు నూటికి 16.6 మందియే. తరగతిగదినుండి ప్రయోగశాలకు పోవు నడుమ ఇందరు బాలికలు ఎచ్చట నిలిచిపోవుచున్నారు? వారి నాపుచున్నదేమి? ఆలోచింపవలసిన ప్రశ్న యిదియే.

తొవ్వ తెగక సాగినచో ఏమగునో తెలిసికొనుటకు పరదేశముల చరిత్ర తిరుగవేయ నక్కరలేదు. ఆచార్య చిలుకూరి శాంతమ్మగారు 1929 మార్చి 8న మచిలీపట్టణమున జన్మించిరి. అయిదు నెలల పసిప్రాయముననే తండ్రిని కోల్పోయి మేనమామ సంరక్షణమున పెరిగిరి. విశాఖపట్టణపు ఏ.వి.యన్. కళాశాలలో ఇంటర్మీడియేటు చదువుచుండగా 1945లో భౌతికశాస్త్రమున స్వర్ణపతకమును పొందిరి. పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆనర్సు ముగించి, సూక్ష్మతరంగ వర్ణపటశాస్త్రమున పరిశోధించి డాక్టరు పట్టమును గడించి, 1956లో అచ్చటనే అధ్యాపకురాలైరి.

ఈ సూక్ష్మతరంగ వర్ణపటశాస్త్ర మన నేమి? వాయురూపమున నున్న పదార్థముగుండ సూక్ష్మతరంగములను పంపినచో, అందలి అణువులు తమ గిరగిర తిరుగుటకు సరిపడు తరంగములను మాత్రము గ్రహించి, తక్కినవానిని పోనిచ్చును. ఏ తరంగములు గ్రహింపబడెనో కొలిచినచో అణువులోని పరమాణువుల నడుమ ఎంత యెడమున్నదో లెక్కకట్టవచ్చును. రెండవ ప్రపంచయుద్ధమున రాడారుకొరకై తయారైన పరికరములవలన ఈ శాస్త్రము యుద్ధానంతరము వేగముగా పెరిగినది. అట్టి నూతన శాస్త్రమున, స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలోనే, ఒక తెలుగు ఆడపడుచు ప్రవేశించి పనిచేసెననుట మనకు గర్వకారణము.

శాంతమ్మగారు 1989లో ఉద్యోగవిరమణ చేసిరేకాని బోధన మానలేదు. తొంబదియేండ్లు దాటిన పిదప, రెండు మోకాళ్లకును శస్త్రచికిత్స జరిగి ఊతకర్రలతో నడచుచు, విశాఖపట్టణమునుండి విజయనగరపు సెంచూరియన్ విశ్వవిద్యాలయమునకు అరువది కిలోమీటర్లకు మించిన దూరము పోయి పాఠములు చెప్పిరి. ఈ వార్త 2022లో దేశమంతట వ్యాపింపగా జనులు ఆమె వయస్సునకు ఆశ్చర్యపడిరి. మాకు ఆమె వయస్సుకంటె ఆమె తొవ్వయే ముఖ్యముగా తోచుచున్నది. చదివించు మేనమామ, గుర్తింపునిచ్చు పతకము, ఊరిలోనే కళాశాల, ఆ ఊరిలోనే విశ్వవిద్యాలయము, అందులోనే ప్రయోగశాల, తుదకు అందులోనే ఉద్యోగము! ఒక మెట్టునుండి వేరొక మెట్టునకు నడుమ అగాధము లేదు. ప్రతిభ ఆమెది; మెట్లు కట్టినవారు ఇతరులు.

ఆ మెట్లలో ఒక్కటి లోపించిన నేమగునో అన్నా మణిగారి చరిత్ర చెప్పుచున్నది. తిరువాన్కూరు సంస్థానపు పీర్మేడున 1918లో జన్మించిన ఈమె 1940లో బెంగుళూరు చేరి సర్ సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రముల కాంతినిగూర్చి పరిశోధించెను. అయిదు పరిశోధనపత్రములు ప్రకటించి, 1945లో డాక్టరు పట్టమునకై తన గ్రంథమును సమర్పించెను. ఎం.ఎస్‌సి. పట్టము లేదను కారణమున మద్రాసు విశ్వవిద్యాలయమువారు దానిని అంగీకరింపలేదు. ఆమె కృంగిపోలేదు. లండనుకు పోయి వాతావరణ పరికరముల విద్య నభ్యసించి, 1948లో భారత వాతావరణశాఖలో చేరి, ఇంచుమించు నూరు పరికరములకు స్వదేశమున తయారగుటకు వలయు చిత్రపటములను సిద్ధపరచెను. వర్షమును, గాలిని, ఎండను కొలుచుటకు విదేశములపై నాధారపడిన దేశమునకు స్వయంశక్తి నొసగినవారిలో ఆమె యొకతె. ఆ శాఖలో ఉపప్రధానాధికారిణియై 1976లో విరమించెను. కాని అందరును అన్నా మణులు కాజాలరు. తలుపు మూసినపుడు వేరొక తలుపు తట్టగలవారు కొందరే. పెక్కుమంది ఇల్లు చేరి మౌనము వహింతురు. వారి పేరులు చరిత్ర కెక్కవు.

వంగదేశపు బిభా చౌధురిగారి విషయము వేరొక తీరు. 1936లో కలకత్తాలో భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. ముగించి, ఆచార్య దేవేంద్రమోహన బోసుతో కూడి హిమాలయ శిఖరములపై ఫొటోగ్రాఫు పలకలుంచి విశ్వకిరణములను పరీక్షించెను. ఎలక్ట్రానునకును ప్రోటానునకును నడుమ బరువుగల కణముల జాడలను వారు పట్టిరి. కాని యుద్ధకాలమగుటచే మేలైన పలకలు మనదేశమునకు లభింపలేదు. పిమ్మట ఇంగ్లాండున సెసిల్ పావెలు మేలైన పలకలతో ఈ పద్ధతినే సాగించి 1950లో నోబెలు బహుమానము నందెను. పలకలు దొరకకపోవుట ఆమె ప్రతిభాలోపము కాదుగదా! 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘమువారు ఒక నక్షత్రమునకు బిభా యని పేరిడిరి. సన్మానము వచ్చినది; కాని ఆమె 1991లోనే గతించియుండెను.

ఇది మనదేశమునకు మాత్రమే చెందిన దోషమని యెవరును భ్రమపడరాదు. మారియా గెప్పర్ట్ మేయరుగారు అమెరికాలో పెక్కుసంవత్సరములు జీతము లేకయే పనిచేసిరి. భర్తకు ఉద్యోగమున్నచోట భార్యకు ఉద్యోగ మీయరాదను నియమము ఆమె కడ్డుపడెను. పరమాణు కేంద్రకము పొరలుపొరలుగా నిర్మింపబడియున్నదని ఆమె నిరూపించిన పెక్కేండ్లకుగాని, 1960లోగాని, పూర్తిజీతముగల ఆచార్యపదవి లభింపలేదు. మూడేండ్లలో నోబెలు బహుమానము వచ్చెను. 1901 మొదలుకొని 2025 వరకు భౌతికశాస్త్రమున ఆ బహుమానమందిన స్త్రీలు అయిదుగురే: 1903లో మేరీ క్యూరీ, 1963లో మేయరు, 2018లో డోనా స్ట్రిక్లండు, 2020లో ఆండ్రియా గేజు, 2023లో ఆన్ లుయిలియే. మొదటి ఇరువురి నడుమ అరువదియేండ్లు, పిదప ఏబదియైదేండ్లు గడచినవి. అన్ని యేండ్లు స్త్రీలకు బుద్ధి లేకపోయెనా?

ఈ ప్రశ్నకు మన రాష్ట్ర రాజధానియందే ఉత్తరము వ్రాయబడినది. 2019 సెప్టెంబరులో భారత భౌతికశాస్త్ర సంఘపు స్త్రీపురుష సమానతా కార్యవర్గమువారు హైదరాబాదు విశ్వవిద్యాలయమున జాతీయ సమావేశమును జరిపిరి. దాని ఫలితముగా వెలువడినదే హైదరాబాదు చార్టరు. భౌతికశాస్త్రమున స్త్రీలు కొరవడుటకు మూలము వారి సామర్థ్యమున లేదు, సంఘపు నడవడిలోను సంస్థల కట్టుబాట్లలోను ఉన్నది. కావున చక్కదిద్దవలసినది స్త్రీలను కాదు, సంస్థలను అనుటయే దాని సారాంశము. హైదరాబాదు పేరుగల ఈ పత్రము కరీంనగరము, జగిత్యాల, ఆదిలాబాదు కళాశాలల గోడలపై తెలుగులో వ్రేలాడవలదా?

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వత్తుము. అయ్యా, మీ బిడ్డ పోవలసిన తొవ్వ యిది. ఇంటర్మీడియేటు పిమ్మట మూడేండ్లు బి.ఎస్‌సి. చదువవచ్చును, లేదా ప్రవేశపరీక్ష వ్రాసి తిరుపతిలో 2015లో వెలసిన ఐసరు వంటి సంస్థలో చేరవచ్చును. ఇంటరులో అగ్రశ్రేణిని నిలిచి విజ్ఞానశాస్త్రము చదువువారికి కేంద్రప్రభుత్వపు ఇన్‌స్పైరు పథకమున ఏటికి 80,000 రూపాయల విద్యార్థివేతన మేర్పడియున్నది. బి.ఎస్‌సి. పిదప జామ్ అను పరీక్షవలన ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్‌సి.కి స్థానము దొరకును. రాష్ట్ర విశ్వవిద్యాలయములకు వేరు పరీక్ష కలదు. అటుపిమ్మట సి.ఎస్.ఐ.ఆర్. వారి నెట్ పరీక్షయందు జూనియరు పరిశోధకవేతనమునకు అర్హత గడించి పరిశోధనమున చేరినచో, 2023 జనవరి మొదలు నిర్ణయమైన ప్రకారము, నెలకు 37,000 రూపాయలు లభించును; రెండేండ్ల పిమ్మట అది 42,000 అగును. ఇరువదిరెండు ఇరువదిమూడేండ్ల ప్రాయమున ఆమె మీకు భారము కాదు, చదువుచునే సంపాదించునది. ఆ వెనుక కళాశాలలు, విశ్వవిద్యాలయములు, అంతరిక్ష, అణుశక్తి, రక్షణ, వాతావరణ శాఖలు ఆమెకు తెరచియుండు వాకిళ్లు. ఇది సులభమని మేము చెప్పము. పరీక్షలు కఠినములు, స్థానములు కొలది, ఏండ్లు పెక్కు. కాని తొవ్వ కలదు.

ఈ తొవ్వలో మిక్కిలి ప్రమాదకరమగు మలుపు ఎం.ఎస్‌సి. ముగిసిన యేడు. అప్పుడే సంబంధములు వచ్చును. వివాహము తప్పని మేమనము. కాని వివాహముతో చదువు ముగియవలెనను శాసనమెక్కడిది? పరిశోధకురాండ్రకు 240 దినముల వరకు ప్రసూతిసెలవును, గడువున రెండేండ్ల సడలింపును విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2016లోనే నియమించినది. సంసారకారణమున పని మానినవారు మరల పరిశోధనమున చేరుటకు కేంద్ర విజ్ఞానశాఖ 2002-03లోనే ప్రత్యేక పథకము నారంభించినది. నియమము లున్నవి, వానిని ఎరిగినవారు కొలదిమంది. అల్లునింటివారితో కట్నకానుకల మాట లాడువేళ ఈ మాటకూడ ఆడుట బిడ్డ పెద్దల ధర్మము.

తలిదండ్రుల కింత చెప్పి ప్రభుత్వమును, విద్యాసంస్థలను విడుచుట న్యాయము కాదు. ప్రయోగశాల తాళము పరీక్షలనాడు మాత్రమే తీయు కళాశాల భౌతికశాస్త్రమును బోధించుట లేదు, వల్లెవేయించుచున్నది. ప్రతి మహిళా డిగ్రీ కళాశాలయందును ప్రయోగశాల దినదినము తెరచియుండవలెను. పైనజెప్పిన పరీక్షల, వేతనముల వివరమును ప్రతి జూనియరు కళాశాలలో తెలుగున ప్రకటింపవలెను. పరిశోధనాలయములలో రాత్రి పనిచేయు బాలికలకు వసతిగృహము, వాహనము, పసిబిడ్డలుగలవారికి శిశుగృహము ఉండవలెను. 2013 చట్టము విధించిన ఫిర్యాదుల సంఘము కాగితమున గాక కార్యమున కనబడవలెను. ఇవి దయాభిక్షలు కావు. ప్రజాధనముతో చదివించిన బాలికను నడిత్రోవను విడుచుట ప్రజాధనమును నీటిపాలు చేయుటయే.

కొండగట్టు మెట్లెక్కు భక్తులెల్ల ఒక కథ నెరుగుదురు. సముద్రతీరమున హనుమంతుడు తన బలమును తానెరుగక మౌనముగా కూర్చుండెను. జాంబవంతుడు ఆ బలమును జ్ఞప్తికి తెచ్చెను. పిదప గదా సముద్రలంఘనము! ఆ చెట్టునీడను నేలచూపు చూచుచు కూర్చున్న బాలికయందు బలము కలదు. దానిని జ్ఞప్తికి తెచ్చి తొవ్వ చూపవలసిన పెద్దలము మనమే. ఈ పుట ఆ తల్లి చేతికి చేరునో లేదో మే మెరుగము. కాని ఇది చదివిన ఉపాధ్యాయుడు రేపు తన తరగతిలో భౌతికశాస్త్రమున మక్కువగల బాలికను పిలిచి ఈ తొవ్వను వివరించినచో, మా బాకీ కొంత తీరినట్లే యని భావింతుము.