కమ్మింగ్ అడవిలో పాదుకపువ్వు

దుకాణంలో కొని కిటికీ పక్కన పెట్టుకొనే ఆర్కిడ్ చాలావరకు ఫెలెనాప్సిస్ జాతిది. ప్రయోగశాలలో మొలకెత్తి, నర్సరీలో పెరిగినది. దానిని పెంచడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. జార్జియాలోని కమ్మింగ్ పట్టణంలో స్థిరపడిన మనవారు తెలుసుకోవలసిన ఆర్కిడ్ వేరొకటి ఉంది. ఉత్తర జార్జియా అడవులలో, పైన్ చెట్ల నీడన, వసంతంలో అది నేలమీదనే పూస్తుంది. రెండే ఆకులు, ఒక కాడ, కాడ చివర గులాబి రంగు సంచి. ఆంగ్లంలో దీనిని పింక్ లేడీస్ స్లిప్పర్ అంటారు. మన వాడుకలో పేరు లేదు గనుక ఇక్కడ పాదుకపువ్వు అందాము.

సంచి ముందున్న చీలికగుండా తుమ్మెద లోపలికి దూరుతుంది. వచ్చిన దారిన తిరిగి పోలేదు. పైనున్న ఇరుకు ద్వారంగుండా బయటపడేటప్పుడు పుప్పొడి దాని వీపునకు అంటుకొంటుంది. ఇంత శ్రమకూ దానికి తేనెచుక్క దక్కదు. మోసపోయిన తుమ్మెద మళ్లీ రావడం అరుదు. అందుచేత కాయ కట్టే పూలు తక్కువ. కాయ కట్టినా, ధూళివంటి ఆ విత్తనాలలో మొలకకు వలసిన ఆహారం ఉండదు. నేలలోని ఒక శిలీంధ్రం, అంటే బూజు జాతి జీవి, పోషించినప్పుడే అవి మొలకెత్తుతాయి. పూతకు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. మొక్కను తవ్వి పెరటిలో నాటితే ఆ శిలీంధ్రమూ, ఆ ఆమ్లగుణం గల నేలా వెంట రావు. మొక్క సాధారణంగా కొద్ది ఏళ్లలో క్షీణిస్తుంది.

మారిషస్, రీయూనియన్ మూలాలు గల పాఠకులకు ఈ సంగతి కొత్త కాదు. వనిల్లా కూడా ఆర్కిడే. మెక్సికోకు చెందిన ఈ తీగ రీయూనియన్‌లో పూచేది గాని కాచేది కాదు. 1841లో పన్నెండేళ్ల బానిస బాలుడు ఎడ్మండ్ అల్బియస్ చేతితో పరాగసంపర్కం చేసే సులువైన పద్ధతి కనిపెట్టాడు. తోటల యజమానులు ధనికులయ్యారు. అతడు 1880లో పేదవాడిగానే మరణించాడు.

జార్జియా 1973లో అడవిపూల సంరక్షణ చట్టం చేసింది. పాదుకపువ్వు అందులో ‘అసాధారణ’ తరగతికి చెందినది. పేరు విని పొరబడరాదు: అమ్మకం కోసం తవ్వుకుపోయే ప్రమాదం గల మొక్కలకు కూడా ఆ తరగతి వర్తిస్తుంది. ప్రభుత్వ భూములలో అనుమతి లేకుండా దీనిని తవ్వరాదు. ప్రైవేటు భూమిలో యజమాని సమ్మతి కావాలి. అమ్మకానికి తరలించాలంటే రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కూడా కావాలి.

ఊరినుండి మొక్క తెచ్చుకోవాలనే కోరిక సహజమే. అయితే 1973లో వాషింగ్టన్‌లో కుదిరిన సైటీస్ ఒప్పందం ఆర్కిడ్ కుటుంబమంతటికీ వర్తిస్తుంది. పత్రాలు లేని మొక్క సరిహద్దులోనే ఆగిపోతుంది. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 1991 సవరణతో అందులో మొదట చేరిన ఆరు మొక్కలలో నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లు ఉన్నాయి. వాటితోపాటు తిరుపతి, కడప కొండలకు చెందిన బెడ్డోమ్ సైకస్ కూడా ఉంది.

పాదుకపువ్వును పెంచాలనుకొనేవారు, విత్తనం నుండి పెంచిన మొక్కలను అమ్మే నర్సరీని వెదకాలి. అక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ మొక్క నర్సరీలో పుట్టినదా, లేక అడవిలో తవ్వి తెచ్చి నర్సరీలో కొంతకాలం ఉంచినదా?